పికప్ బండికి ఆఫ్టర్‌మార్కెట్ షాక్‌లు: కుదుపు తగ్గాలనుకునే వారు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పికప్ బండికి ఒకే పని అంటూ ఉండదు. తెల్లవారుజామున చెరువు గట్టు మీద రొయ్యల ట్రేలు ఎక్కించుకుంటుంది, మధ్యాహ్నం మేత బస్తాలతో తిరిగి వస్తుంది, సీజనులో పొగాకు బేళ్లనో నిమ్మకాయల బస్తాలనో మోస్తుంది, ఆదివారం నాడు ఇంట్లోవాళ్లను పెంచలకోనకు తీసుకుపోతుంది. ఇన్ని పనులు చేసే బండిలో కూర్చున్నవారి నడుము ఏమవుతుందో అందరికీ తెలిసిందే. బండితో వచ్చిన షాక్ అబ్జార్బర్లను తీసేసి బయటి కంపెనీవి వేయించుకోవాలనుకునే వారు నన్ను అడిగిన, నేను మెకానిక్ షెడ్లలో నిలబడి విన్న ప్రశ్నలకు తెలిసినంతవరకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నేను మెకానిక్‌ను కాను. కావలి నుంచి ఒంగోలు దాకా సొంత పికప్ నడుపుకునే వాడిని, ఒకటికి రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నాకనే ఈ విషయం మీద శ్రద్ధ పెట్టినవాడిని.

మా బండి బాగా కుదుపుతోంది. షాక్‌లు మార్చేయమంటారా?

అప్పుడే వద్దు. షాక్ అబ్జార్బరు బండి బరువును మోయదు. బరువు మోసేవి వెనుక కమాన్లు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల స్ప్రింగులు), ముందు కాయిల్ స్ప్రింగులు; బరువు ఎక్కువ మోసే కొన్ని పికప్‌లకు ముందు కూడా కమాన్లే ఉంటాయి. గుంతలో పడినప్పుడు నొక్కుకున్న స్ప్రింగు తిరిగి లేచి, మళ్లీ దిగి, మళ్లీ లేస్తూ ఊగకుండా ఆ ఊపును ఆయిల్ ద్వారా వేడిగా మార్చి చల్లార్చేయడమే షాక్ చేసే పని. అందువల్ల కమాను గట్టిగా ఉండటం వల్ల వచ్చే కుదుపును ఎంత ఖరీదైన షాకూ పోగొట్టలేదు.

ముందు టైర్లలో గాలి చూడండి. డ్రైవరు తలుపు తీసిన చోట అతికించి ఉండే స్టిక్కరు మీద ఖాళీ బండికీ లోడు బండికీ వేరువేరు అంకెలు ఉండే మోడళ్లు చాలా ఉన్నాయి. మన దగ్గర ఎక్కువమంది లోడుకు పట్టించిన గాలితోనే నెలల తరబడి ఖాళీగా తిరుగుతారు. అలా బిర్రుగా ఉన్న టైరు రోడ్డు మీది చిన్న రాయిని కూడా నేరుగా సీటు దాకా తెచ్చి చేరుస్తుంది. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా షాక్‌ల దుకాణానికి వెళ్లడం తెలివైన పని కాదు.

తర్వాత కమాను కట్టను చూడాలి. పట్టీల మధ్య తుప్పు పట్టి ఒకదానికొకటి కరుచుకుపోతే, చిన్న గతుకులకు కమాను అసలు వంగదు. కట్ట మొత్తం ఒకే ఇనుప దిమ్మెలా పనిచేస్తుంది. అలాంటప్పుడు కట్ట విప్పించి, తుప్పు గీకించి, పట్టీలకు గ్రీజు పూయించి బిగిస్తే వచ్చే తేడా కొత్త షాక్‌లతో వచ్చే తేడా కంటే ఎక్కువగా ఉండవచ్చు. కమాను చివరను చట్రానికి కలిపే షాకిల్ పిన్నులు, వాటి చుట్టూ ఉండే బుష్షులు అరిగిపోయినా ‘టక్ టక్’ మనే చప్పుడుతో కుదుపు వస్తుంది. చాలామంది దాన్ని షాక్ చప్పుడు అనుకుంటారు.

నా సంగతే చెబుతాను. సెకండ్ హ్యాండులో కొన్న బండి ఎగిరెగిరి పడుతుంటే ఒక దుకాణంవారి మాట మీద వెనుక షాక్‌లు మార్పించాను, ఫలితం కనిపించక ఆరు నెలలకు మరో రకం వేయించాను. చివరికి ఒక ముసలి మేస్త్రీ బండి కింద దూరి కమాను పట్టీలను వేలితో లెక్కపెట్టి, రెండో వైపుకు పోయి అక్కడా లెక్కపెట్టి, “దీనికి కంపెనీవాళ్లు వేసినవాటి కంటే ఒక్కో పక్క రెండు ఎక్కువ ఉన్నాయి బాబూ, ఇక షాకులేం చేస్తాయి” అన్నాడు. పాత యజమాని అధిక లోడు కోసం వేయించిన పట్టీలవి. అవి తీయించడానికి పట్టింది ఒక పూట.

షాక్ పాడైందని ఇంట్లోనే ఎలా తెలుసుకోవాలి?

బండి ఒక మూల నొక్కి వదిలి, ఎన్నిసార్లు ఊగుతుందో చూసే పద్ధతి కార్లకు కొంత పనికి వస్తుంది గానీ, కమాన్లున్న పికప్‌కు పెద్దగా పనికిరాదు. ఖాళీ పికప్ వెనుక భాగాన్ని ఇద్దరు మనుషులు నొక్కినా అంగుళం దిగదు, దాన్ని బట్టి ఏమి తేల్చగలం?

నాకు నమ్మకం కుదిరిన పరీక్ష వేరే ఉంది. గతుకుల రోడ్డు మీద పదిహేను ఇరవై నిమిషాలు నడిపి ఆపిన వెంటనే నాలుగు షాక్‌లనూ ఒక్కొక్కటిగా చేతి వెనుక భాగంతో తాకి చూడండి. అయితే సైలెన్సరు పక్కన ఉన్న దాని దగ్గర చెయ్యి జాగ్రత్త. పనిచేసిన షాక్ వెచ్చగా ఉంటుంది, ఎందుకంటే ఊపు వేడిగా మారడమే దాని పని. ఒకే ఇరుసు మీద ఒకటి వెచ్చగా, ఇంకొకటి చల్లగా ఉంటే ఆ చల్లటిది పని మానేసినట్టే అనుకోవచ్చు.

షాక్ పైభాగంలో పలుచగా ఆయిల్ తడి, దాని మీద దుమ్ము ఉంటే భయపడనక్కర్లేదు, సీలు గుండా ఆ మాత్రం తడి రావడం సహజమే. కింది దాకా ధారలుగా కారి, తుడిచిన మర్నాటికి మళ్లీ తడిగా ఉంటేనే మార్చాలి. టైరు ట్రెడ్‌ను అరచేత్తో తడిమితే అక్కడక్కడ దొప్పలు దొప్పలుగా అరిగి ఉండటం, బ్రేకు వేస్తే ముక్కు బాగా కిందికి వంగడం, జాతీయ రహదారి మీద వంతెన అతుకు దాటాక బండి వెనుక భాగం రెండు మూడుసార్లు తేలడం కూడా గుర్తులే.

‘సాఫ్ట్’ షాక్ వేయిస్తే బండి మెత్తగా నడుస్తుంది కదా?

ఈ ప్రశ్న దగ్గరే ఎక్కువమంది పొరపడతారు, నేనూ పొరపడ్డాను. షాక్ ఇచ్చే ప్రతిఘటన దాని రాడ్డు కదిలే వేగాన్ని బట్టి మారుతుంది. ఇక్కడ వేగమంటే బండి వేగం కాదు, రాడ్డు లోపలికి బయటికి కదిలే వేగం. మలుపు తిరిగేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు, లోడు పక్కకు ఒరిగేటప్పుడు రాడ్డు నెమ్మదిగా కదులుతుంది. పదునైన అంచున్న గుంతలో చక్రం పడినప్పుడు ఎంతో వేగంగా కదులుతుంది. మంచి షాక్ నెమ్మది కదలికల్లో బిగువుగా ఉండి బండిని ఊగనివ్వదు, వేగపు కదలికల్లో లోపలి వాల్వులు తెరుచుకొని ఆయిల్‌కు దారి ఇస్తుంది. ఈ రెంటినీ విడివిడిగా సరిచేయగలగడంలోనే ఖరీదైన షాక్‌కూ చవక షాక్‌కూ తేడా ఉంది.

అంతటా మెత్తగా ఉండే షాక్‌తో బండి పడవలా ఊగుతుంది, లోడుతో స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు చివరి దాకా నొక్కుకుపోయి ఇరుసు వెళ్లి, దాని పైన చట్రానికి బిగించి ఉండే బంప్ రబ్బరుకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బ కంటే గట్టి కుదుపు పికప్‌లో మరొకటి లేదు.

నొక్కుకునే కదలికకూ తిరిగి సాగే కదలికకూ షాక్ ఇచ్చే ప్రతిఘటన ఒకటి కాదు. మామూలుగా సాగేటప్పుడు ఇచ్చేదే ఎక్కువ, ఎందుకంటే నొక్కుకున్న స్ప్రింగు ఒక్కసారిగా విదిలించుకోకుండా పట్టి ఉంచాలి. అది మరీ ఎక్కువైతే వేరే చిక్కు వస్తుంది. చీమకుర్తి వైపు గ్రానైటు లారీలు నలగ్గొట్టిన రోడ్డు మీద లాగా గతుకు వెంట గతుకు వస్తున్నప్పుడు, ఒక గుంతకు పైకి లేచిన చక్రం తిరిగి కిందికి సాగే లోపే రెండోది వస్తుంది. అలా పది గతుకులు దాటేసరికి కమాను సగం నొక్కుకున్న స్థితిలోనే ఉండిపోతుంది, పదకొండో గుంతకు కదలడానికి చోటు మిగలదు. ఈ లక్షణం కనిపించినప్పుడు “షాక్ మెత్తబడింది, ఇంకా గట్టిది వేద్దాం” అనుకోవడం నిప్పు మీద నెయ్యి పోసినట్టే అవుతుంది.

కూర్చున్న మనిషి మొండెం సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు కంపనాలకు ఎక్కువ ఇబ్బంది పడుతుంది. సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు వచ్చే నిదానపు ఊపు నడకకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దాన్ని అంతగా పట్టించుకోదు. ఖాళీ పికప్ వెనుక భాగం కారు కంటే ఎంతో చురుగ్గా ఊగుతుంది. దాన్ని కారు ఊపు దాకా తేవడం షాక్‌తో కాని పని. ఆ చురుకు ఊపును ఒక్కసారితో ఆపేయడం, గుంత దెబ్బను పదును లేకుండా చేయడం, ఈ రెండే షాక్ నుంచి ఆశించదగినవి.

ట్విన్ ట్యూబ్, మోనో ట్యూబ్ అంటున్నారు. తేడా ఏమిటి, సుఖానికి ఏది మేలు?

ట్విన్ ట్యూబ్‌లో ఒక గొట్టం లోపల మరో గొట్టం ఉంటుంది. పిస్టన్ లోపలి గొట్టంలో కదులుతుంది, రాడ్డు లోపలికి వచ్చినప్పుడు పక్కకు జరిగిన ఆయిల్ అడుగు వాల్వు గుండా బయటి గొట్టంలోకి పోతుంది. మోనో ట్యూబ్‌లో గొట్టం ఒక్కటే. అడుగున నైట్రోజన్ గ్యాసు, దానికీ ఆయిల్‌కూ మధ్య కదిలే బిళ్ల ఒకటి ఉంటాయి. గొట్టం ఒక్కటే కావడం వల్ల అదే బయటి కొలతలో పెద్ద పిస్టన్ పడుతుంది, వేడి నేరుగా బయటి గాలికి చేరుతుంది, గంటల తరబడి గతుకుల్లో నడిచినా పట్టు సడలదు. గొట్టం మీద రాయి తగిలి సొట్ట పడితే మాత్రం పిస్టన్ అక్కడే చిక్కుకుంటుంది. ట్విన్ ట్యూబ్‌కు అదే సొట్ట బయటి గొట్టానికి తగులుతుంది కాబట్టి పని సాగిపోతుంది.

మోనో ట్యూబ్‌లో గ్యాసు ఒత్తిడి 300 పీఎస్‌ఐ (టైరు గాలిని కొలిచే అంకే ఇదీ) అటూఇటూగా ఉంటుంది. 14 మిల్లీమీటర్ల రాడ్డు మీద అది దాదాపు 30 కిలోల తోపుడు. ఆ తోపుడు వల్ల ఖాళీ బండి వెనుక భాగం కొద్ది మిల్లీమీటర్లు లేస్తుంది, చిన్న చిన్న గతుకుల మీద కొంచెం బిరుసుగా అనిపిస్తుంది. ట్విన్ ట్యూబ్ గ్యాసు షాక్‌లో ఒత్తిడి 100 నుంచి 150 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది కాబట్టి ఆ బిరుసు తక్కువ. ఎక్కువ సమయం తారు రోడ్డు మీద, ఊళ్ల మధ్య, గంటకు 60 కిలోమీటర్ల లోపు తిరిగే బండికి నా ఓటు మంచి ట్విన్ ట్యూబ్ గ్యాసు షాక్‌కే. ఉదయగిరి కొండదారుల్లోనో, దోర్నాల ఘాట్‌లోనో లోడుతో రోజూ తిరిగే బండికి మోనో ట్యూబ్‌కు పెట్టిన డబ్బు వృథా కాదు.

గ్యాసు షాక్ అంటే గాలి మీద తేలే షాకా?

కాదు. అందులోనూ పనిచేసేది ఆయిలే. రాడ్డు వేగంగా కదిలినప్పుడు ఆయిల్‌లో బుడగలు పుట్టి నురగ కడుతుంది, నురగ వాల్వు గుండా ఇట్టే జారిపోయి పట్టు తప్పుతుంది. ఆ బుడగలు పుట్టకుండా ఆయిల్‌ను ఒత్తిడిలో ఉంచడానికే నైట్రోజన్. కొన్ని ఆస్ట్రేలియా తయారీ షాక్‌లలో గ్యాసుకు బదులు బయటి గొట్టంలో ఫోమ్ పెడతారు, ఉద్దేశం అదే.

పోయేటప్పుడు నిండు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ. అలాంటి బండికి ఏ షాక్ వేయించాలి?

మన ప్రాంతపు పికప్‌లలో ముప్పావు వంతు ప్రశ్న ఇదే, జవాబు కూడా కాస్త పొడవే.

ముందుగా మీ లోడు ఎంతో అంచనాతో కాకుండా కాటాతో తెలుసుకోండి. ఒకసారి ఖాళీగా, ఒకసారి మామూలుగా మోసే లోడుతో వేబ్రిడ్జి ఎక్కించండి. వీలైతే వెనుక ఇరుసును మాత్రమే కాటా మీద నిలబెట్టి ఆ బరువు కూడా రాయించుకోండి. “ఒక టన్ను వేస్తాం” అనేవారి బండి కాటా ఎక్కితే టన్నున్నర పైన తేలడం నేను చూశాను. మంచు ముక్కల బరువు, ట్రేల బరువు ఎవరూ లెక్కలో వేయరు. అనుమతించిన బరువు దాటితే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా, పైన ప్రతి అదనపు టన్నుకు మరో 2,000 రూపాయలు పడతాయి కాబట్టి ఆ కాటా చీటీ ఇంకో రకంగానూ ఉపయోగమే.

తర్వాత, నెలలో బండి తిరిగే కిలోమీటర్లలో లోడుతో ఎన్ని, ఖాళీగా ఎన్ని అని చూసుకోండి. సగం కంటే ఎక్కువ ఖాళీగానో, రెండు మూడు వందల కిలోల తేలిక లోడుతోనో తిరిగితే మామూలు బిగువున్న షాక్ తీసుకొని, లోడు రోజుల్లో వేగం తగ్గించుకోవడమే మేలు. ఎప్పుడో ఒకరోజు వేసే నిండు లోడు కోసం మిగిలిన ఇరవై తొమ్మిది రోజులు నడుము విరగ్గొట్టుకోవడంలో అర్థం లేదు. ఎక్కువ భాగం లోడుతోనే తిరిగే బండికి, సాగే కదలికలో కాస్త బిగువు ఎక్కువున్నది అవసరం, ఎందుకంటే లోడు కింద బాగా వంగిన కమాను అంత బలంగానూ విదిలించుకుంటుంది.

రెండూ సగం సగమైతే రెండు దారులున్నాయి. ఒకటి, లోపలి గొట్టం మధ్య భాగంలో సన్నటి గాడులున్న ట్విన్ ట్యూబ్. ఖాళీగా ఉన్నప్పుడు పిస్టన్ ఆ గాడుల దగ్గరే కదులుతుంది కాబట్టి ఆయిల్ పక్క నుంచి కూడా జారి మెత్తగా ఉంటుంది. లోడు పడి పిస్టన్ కిందికి దిగితే గాడులు ఉండవు కనుక దానంతటదే బిగుస్తుంది. మన్రో సెన్సా ట్రాక్ రకం ఈ పద్ధతిదే. రెండోది, బయట మీట తిప్పి బిగువు మార్చుకునేది. రాంచో ఆర్ఎస్9000ఎక్స్‌ఎల్‌కు 9 మెట్లు ఉంటాయి. కాగితం మీద ఇది అందరికంటే మంచి జవాబే. ఆచరణలో మాత్రం రొయ్యలు దించి ఖాళీ అయ్యాక, తడి చెప్పులతో బండి కింద దూరి మీట తిప్పే ఓపిక ఎంతమందికి ఉంటుందో మీరే ఆలోచించుకోండి. నాకు లేదు.

వేయించిన షాక్ సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ముగ్గుపిండి చాలు. పిండిని నీళ్లతో చిక్కగా కలిపి, బంప్ రబ్బరు కొట్టుకునే చోట ఇరుసు మీద దళసరిగా పూయండి. ఆరనిచ్చి, మామూలు లోడుతో మామూలు దారిలో ఒక ట్రిప్పు వేసి వచ్చి చూడండి. రబ్బరు అంచుకు తెల్లటి చుక్క మాత్రమే అంటితే బాగున్నట్టు. రబ్బరు ముఖమంతా తెల్లబడి, ఇరుసు మీది ముగ్గు చితికి రాలిపోతే ఇంకా బిగువున్న షాక్ కావాలి, లేదా లోడు తగ్గాలి. ముగ్గు చెక్కుచెదరకుండా ఉండి, అయినా నడుము నొప్పి పుడుతుంటే అవసరానికి మించిన బిగువు వేసుకున్నట్టు.

హెవీ డ్యూటీ అని రాసి ఉన్నది కొంటే ఎక్కువ కాలం వస్తుంది కదా?

ఆ మాటకు ఒక కొలత అంటూ లేదు. ఒక కంపెనీ రాడ్డు లావుగా చేసి ఆ మాట రాస్తుంది, ఇంకొకటి వాల్వు బిగించి రాస్తుంది. రాడ్డు ఎన్ని మిల్లీమీటర్లు, పిస్టన్ ఎన్ని మిల్లీమీటర్లు, ఏ లోడుకు వాల్వు కట్టారు అని అడగండి. చెప్పలేని దుకాణంలో కొనకండి.

ఏ బండికి ఏ కంపెనీవి దొరుకుతాయి?

బొలెరో పికప్, టాటా యోధా వంటి బండ్లకు గాబ్రియేల్ వంటి మన దేశంలో తయారైనవి నెల్లూరు, ఒంగోలు దుకాణాల్లో సులభంగా దొరుకుతాయి. ఈ బండ్లకు దిగుమతి రకాల్లో ఎంపిక తక్కువ, నిజానికి అవసరమూ తక్కువే. మన పొరుగున శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ మ్యాక్స్, వీ క్రాస్‌లకూ, టయోటా హైలక్స్‌కూ మాత్రం బయటి దేశాల్లో పెద్ద మార్కెట్ ఉండటం వల్ల కేవైబీ, బిల్‌స్టీన్, ఓల్డ్ మ్యాన్ ఈము, టఫ్ డాగ్, ప్రొఫెండర్ వంటివి తెప్పించుకోవచ్చు. ఓల్డ్ మ్యాన్ ఈము, టఫ్ డాగ్ ఆస్ట్రేలియా కంపెనీలవి, ప్రొఫెండర్ థాయిలాండ్‌ది. ఆస్ట్రేలియాలో ఈ బండ్లకు ముందు ఇనుప బుల్ బార్, వెనుక క్యాంపింగ్ సామాను కట్టుకొని తిరగడం మామూలు కాబట్టి అక్కడి సెట్లు ఆ బరువులను దృష్టిలో పెట్టుకొని ఉంటాయి. ఒకే మోడలుకు తేలిక, మధ్యరకం, బరువు అని వేరువేరు స్ప్రింగులు, షాక్‌లు అమ్ముతారు. మన దగ్గర బుల్ బార్ లేని ఖాళీ వీ క్రాస్‌కు ‘బరువు’ రకం సెట్ వేయించుకొని, “ఇంత డబ్బు పోశాను, ఎడ్లబండిలా ఉంది” అని వాపోయిన వారిని చూశాను. ఆర్డరు ఇచ్చే ముందు కాటా చీటీ చేతిలో పెట్టుకోమనడం అందుకే.

ఇంకొక మాట. మోడలు పేరు ఒకటే అయినా సంవత్సరాన్ని బట్టి, ఫోర్ వీల్ డ్రైవా కాదా అన్నదాన్ని బట్టి షాక్ పొడవు మారవచ్చు. పాతదాన్ని తీసి, పూర్తిగా సాగినప్పుడు ఒక కన్ను (చివర బోల్టు పట్టే రంధ్రం) మధ్య నుంచి ఇంకో కన్ను మధ్య దాకా ఎంత, పూర్తిగా నొక్కినప్పుడు ఎంత అని టేపుతో కొలిచి రాసుకోండి. కొత్తది నొక్కినప్పుడు పాతదాని కంటే పొడవుగా ఉంటే, ఇరుసు బంప్ రబ్బరుకు చేరే లోపే షాక్ లోపల పిస్టన్ అడుగుకు కొట్టుకుంటుంది, రెండు మూడు నెలల్లోనే సీలు పోతుంది.

అదే పనిలో పనిగా బండిని రెండు అంగుళాలు లేపిస్తే బాగుంటుందా?

సుఖం కోసమైతే వద్దు. బండి లేస్తే బరువు కేంద్రం లేస్తుంది, ఇంజను శక్తిని వెనుక ఇరుసుకు అందించే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారుతుంది, బ్రేకు గొట్టాలు బిగుసుకుంటాయి. కాలవ గట్ల మీద ఒక చక్రం కిందికి, ఒక చక్రం పైకి పెట్టి తిరిగే బండికి ఇది చేజేతులా తెచ్చుకునే ప్రమాదం. తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఆ మాటనే గట్టిపరిచింది. అరిగిన షాక్ స్థానంలో అవే కొలతల షాక్ బిగించడం వేరు, బండి ఎత్తు మార్చడం వేరు.

ఉప్పుగాలికి, రొయ్యల నీళ్లకు షాక్‌లు త్వరగా పాడవుతున్నాయి. ఏం చేయాలి?

ఇది అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు బండ్లకు ప్రత్యేకంగా ఉన్న బాధ. ట్రేలలో మంచు కరిగి కారే ఉప్పునీరు తొట్టి అడుగు సందుల్లోంచి సరిగ్గా వెనుక షాక్‌ల మీదే పడుతుంది. క్రోమ్ పూత ఉన్న రాడ్డు మీద సూదిమొనంత తుప్పు చుక్క పుట్టినా చాలు, రాడ్డు కదిలిన ప్రతిసారీ ఆ చుక్క సీలు పెదవిని గీరుతుంది. ఆయిల్ కారడం అక్కడ మొదలవుతుంది.

లోడు దించిన రోజే షాక్‌ల మీద మంచినీళ్లు పోయండి, మర్నాటికి వాయిదా వేయకండి. రాడ్డుకు గ్రీజు పూయకండి, దానికి ఇసుక అంటి గరుకు కాగితంలా పనిచేస్తుంది. రాడ్డు మీద ఇనుప తొడుగో రబ్బరు తొడుగో ఉన్న రకాన్ని ఎంచుకోండి, కానీ రబ్బరు తొడుగు అడుగున నీళ్లు పోయే రంధ్రం తెరిచి ఉందో లేదో చూసుకుంటూ ఉండాలి. బిగించేటప్పుడే బోల్టుల మరలకు గ్రీజు పట్టించకపోతే, రెండేళ్ల తర్వాత గ్యాస్ కట్టరు లేకుండా ఆ బోల్టు ఊడదు. తొట్టి అడుగు సందులు మూయించి, నీరు వెనుకకు పోయేలా గొట్టం పెట్టించినవారి బండ్లలో వెనుక షాక్‌లు ఎక్కువ కాలం రావడం నేను గమనించాను. ఆ నీళ్లు రోడ్డు మీద కారకుండా చూసుకోవడం వెనుక వచ్చే మోటారు సైకిళ్లవారికి చేసే మేలు కూడా.

పాడైంది ఒక్కటే. ఒక్కటే మార్చవచ్చా?

ఒకే ఇరుసు మీద రెండూ మార్చాలి. కొత్తదీ పాతదీ కలిస్తే గుంతలో బండి పక్కకు లాగుతుంది. నాలుగూ ఒకేసారి మార్చే స్తోమత లేకపోతే ముందు రెండు, తర్వాత వెనుక రెండు అని విడదీసుకోవచ్చు. క్యాబిన్‌లో కూర్చునేవారికి ముందు షాక్‌ల తేడా వెంటనే తెలుస్తుంది, లోడు నిలకడకు వెనుకవి ముఖ్యం.

బిగించేటప్పుడు మెకానిక్ దగ్గర ఏం గమనించాలి?

వెనుక షాక్‌లు మార్చడం తేలిక పనే. వీ క్రాస్, హైలక్స్ వంటి బండ్లకు ముందు షాక్ కాయిల్ స్ప్రింగు లోపల ఉంటుంది. ఆ స్ప్రింగును పట్టి నొక్కే సరైన పనిముట్టు లేని షెడ్డులో విప్పనివ్వకండి. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే ప్రాణానికే ముప్పు.

ట్విన్ ట్యూబ్ షాక్ పెట్టెలో పడుకొని వస్తుంది కాబట్టి లోపల గాలి చేరి ఉంటుంది. నిలువుగా పట్టుకొని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి, సాగదీసిన తర్వాత బిగించాలి. రాడ్డును కటింగ్ ప్లేయరుతో పట్టుకొని నట్టు తిప్పే అలవాటు కొందరికి ఉంది. ఆ గాటు పడిన రోజే షాక్ ఆయుష్షు సగమైనట్టు, దగ్గరుండి ఆపండి.

అన్నిటికంటే తరచుగా జరిగే తప్పు వేరే ఉంది. బండిని జాకీ మీద లేపి, చక్రాలు వేలాడుతుండగానే బుష్షు బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. బండి దించగానే ఆ రబ్బరు బుష్షు మెలితిరిగిన స్థితిలో ఉండిపోతుంది. దాని వల్ల కొత్త షాక్‌లు వేసినా బిరుసుగా అనిపిస్తుంది, బుష్షు త్వరగా చిరుగుతుంది. బోల్టులు వేలితో తిప్పినంత మాత్రం పెట్టి, బండిని నాలుగు చక్రాల మీద నేల మీద నిలబెట్టాక చివరి బిగింపు చేయాలి. చాలా పికప్‌లలో వెనుక షాక్ ఒకటి ఇరుసుకు ముందు, ఇంకొకటి ఇరుసుకు వెనుక ఉండటం చూసి తప్పుగా బిగించారని గొడవ పడకండి. బలంగా లాగినప్పుడు ఇరుసు మెలితిరిగి దడదడలాడకుండా కంపెనీవాళ్లే అలా పెడతారు.

అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ ఒకసారి మళ్లీ చూపించుకోండి. ముందు భాగం విప్పి ఉంటే వీల్ అలైన్‌మెంట్ కూడా చేయించండి.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

80,000 కిలోమీటర్లకు ఒకసారి గట్టిగా పరీక్షించాలని సాధారణంగా చెబుతారు. చెరువు గట్ల మీద తిరిగే బండికి ఆ పరీక్ష సగం దూరానికే చేయించడం మంచిది.

నకిలీవి ఎలా గుర్తుపట్టాలి?

పెట్టె మీది అచ్చు కంటే షాక్ ఒంటి మీద చెక్కిన భాగం నంబరు చూడండి, అది పెట్టె మీది నంబరుతో కలవాలి. గ్యాసు షాక్ అయితే రాడ్డును నొక్కి వదిలితే దానంతటదే నెమ్మదిగా బయటికి రావాలి. నొక్కిన చోటే ఉండిపోతే అది గ్యాసుది కాదు, లేదా గ్యాసు పోయింది. కౌంటరు మీదే ఈ పరీక్ష చేయించుకోండి. జీఎస్టీ బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

షాక్‌ల బదులు సీటు మార్పిస్తే?

నవ్వులాటకు అడిగినా మంచి ప్రశ్న. అణిగిపోయిన సీటు ఫోమ్ మార్పించడానికి అయ్యే ఖర్చు షాక్‌ల ఖర్చులో చిన్న భాగమే, నడుముకు కలిగే ఉపశమనం మాత్రం చిన్నది కాదు. మరీ మెత్తటి ఫోమ్ వేయించకండి, గుంతలో పడ్డప్పుడు అది పూర్తిగా అణిగి కింద ఇనుప చట్రం తగులుతుంది.

తీసేసిన పాత షాక్‌లను ఏం చేయాలి?

కంపెనీ షాక్‌లు ఇంకా బాగుంటే పారేయకండి, బుష్షులతో సహా గోనెసంచిలో చుట్టి నిలువుగా దాచండి. దిగుమతి సెట్‌లో ఒకటి పాడై, కొత్తది రావడానికి వారాలు పట్టినప్పుడు బండి ఆగకుండా అవే ఆదుకుంటాయి. పూర్తిగా పాడైన గ్యాసు షాక్‌లను పాత ఇనుముకు వేసేటప్పుడు అందులో ఒత్తిడితో నైట్రోజన్ ఉందని కొనేవారికి చెప్పండి. దాన్ని మంటలో వేసినా, గ్యాస్ కట్టరుతో కోసినా పేలుతుంది. తయారీదారు చూపిన చోట సన్నటి రంధ్రం వేసి, కళ్లద్దాలు పెట్టుకొని, గ్యాసు వదిలిన తర్వాతే కోయాలి. లోపలి ఆయిల్‌ను కాలవలో పోయకుండా పాత ఇంజన్ ఆయిల్ పట్టుకుపోయే వారికి ఇచ్చేయండి.